గాజు చిలక కింది పేరు

మొన్న హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శనకు పోతే, గాజును కరిగించి పళ్ళేలు చేసి అమ్మే ఒక అమ్మాయి కనబడింది. ప్రతి పళ్ళెం వెనుక, ఒక మూలన, తన పేరు రాసుకున్నది. కడిగితే పోదా అని నేను గోటితో గీకి చూస్తుంటే ఆ పిల్ల నవ్వి, "పోదు ఆంటీ, పేరు రాసినంక మళ్ళ బట్టీల పెట్టి కాల్చిన, గాజుల కలిసిపోయింది" అన్నది. సంతోషపడవలసిన చోట నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో చెప్పమంటే చెప్పలేను. మా మేనత్త గుర్తుకొచ్చింది.

ఆమె మా నాయన అక్క, తాండూరులో మా ఇంట్లోనే ఉండేది. పోలీసు యాక్షన్ అయి పదేళ్ళు దాటిన రోజులు. మా ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు, పగిలిన గాజుల ముక్కలను దీపం మంట మీద మెత్తబరచి, వంచి, ఒకదాంట్లో ఒకటి గొలుసులా దూర్చి గుమ్మానికి తోరణాలు కట్టేవాళ్ళం. మావన్నీ వంకరటింకర గొలుసులే. అత్త పని వేరు. బంగారం పనిచేసే అవుసులాయన దగ్గర పాత ఊదుగొట్టం అడిగి తెచ్చుకొని, గాలికి దీపం కదలకుండా మధ్యాహ్నం పూట తలుపులు మూసుకొని, కుండపెంకు మీద పచ్చగాజు ముక్కలను పక్కపక్కన పేర్చి, వాటి మీదికి మంటను ఊది ఊది, ఒకటిగా అతికించి చిలకను చేసేది. ఒక్కసారిగా చల్లబడితే చిట్లుతుందని వేడి బూడిదలో పూడ్చి, మరునాటికి గానీ బయటికి తీసేది కాదు. చుట్టాల్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా సామానుతో పాటు, ఆ చిలకను గొలుసుల మధ్య కూర్చిన ఆమె తోరణం పోవలసిందే. తన చేతులకు గాజులు లేక ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఒకసారి కొడంగల్‌లో చుట్టాల ఇంటికి పోయినప్పుడు, ఆ ఇంటావిడ గుమ్మానికున్న అత్త తోరణాన్నే చూపించి, పట్నంలో కొన్నామని నలుగురి ముందు గొప్పగా చెప్పుకున్నది. అత్త అక్కడే కూర్చొని తమలపాకులు తుడుస్తున్నది. నేను నోరు తెరవబోతే మోచెయ్యి గిల్లింది. నా నోరెట్లాంటిదో ఆమెకు తెలుసు. కానీ ఇంటికి వచ్చాక చాలా రోజులు ఊదుగొట్టం ముట్టలేదు. తర్వాత మా అక్కకు వికారాబాద్ సంబంధం కుదిరినప్పుడు, నా పక్కన చేరి మెల్లగా అడిగింది. "బిడ్డా, సదువుకుంటున్నవు గద, ఇది నేనే చేసిన అని ఎరుకయ్యేటట్టు దాని మీద ఏమన్న చెయ్యరాదా?"

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. రంగుతో రాస్తే నీళ్ళకు పోయింది. మేకుతో గీస్తే గీత పడలేదు. బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేయగానే గాజు ముక్కలైంది. పైగా "ఇత్తడి అనుకున్నవా అమ్మా" అని నన్నే అన్నాడు. నాలుగు మాటలు అంటించి వచ్చాను. చివరికి దారి అత్తకే తోచింది. నల్లగాజును మంటలో సన్నగా తీగలా లాగి, దాని కొసతో చిలక కింది పట్టీ మీద చుక్కలు పెట్టి అతికిస్తే ఎంత గీకినా రాలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆమె పేరును పలక మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, పరీక్షలకని హాస్టలుకు పోయాను.

పెళ్ళికి వచ్చి చూస్తే చిలక కింద నల్ల చుక్కలతో ఎంతో పొందికగా మా నాయన పేరున్నది. నేను రాసిచ్చిన పలకను పక్కన పెట్టి, అక్క పెళ్ళి సామానులోని బిందె మీద కొట్టించిన పేరును, ఉలి దెబ్బల చుక్కలతో సహా, ఉన్నది ఉన్నట్టు దించింది. ఇదేమిటని పెళ్ళింట్లోనే కొట్లాటకు దిగాను. అత్త నన్ను వింతగా చూసింది.

"బిందె మీద ఇచ్చినోల్ల పేరుంటది గాని చేసినోల్ల పేరుంటదానే? మీ నాయిన పేరుంటే ఇది మనింటి నుంచి పోయిందని తెలుస్తది. మనింట్ల ఇయ్యి చేసేది నేనే గద. ఇగ ఎవ్వలు కాదంటరు?"

చుక్కలు తీసెయ్యమన్నాను. పట్టిన చుక్కను పీకితే పట్టీ కూడా ఊడి వస్తుందన్నది. నాయనకు చెప్తే, నా పేరుంటే నీకెందుకే కడుపుమంట అని నవ్వాడు. సామాను చూస్తున్న మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన ఆ పేరు చదివి, "బావా, ఎవుసం ఇడిసి గాజుల పని వట్టినవా ఏంది" అని వ్యవసాయం చేసుకునే నాయనతో మేలమాడాడు. అందరూ నవ్వారు. నాయన కాదనలేదు. అత్త కూడా నవ్వబోయి ఆగి, తమ్ముడి ముఖం వైపు చూసింది. అప్పుడు అర్థమైందామెకు. మరునాడు తోరణం పాత చీరలో మూటై, అక్కతో పాటు రైలెక్కి వికారాబాద్ పోయింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడెవరూ గాజు ముక్కలు దాచుకోరు, గుమ్మాలకు ప్లాస్టిక్ పూలు వచ్చాయి. అక్క ఇంట్లో మాత్రం ఆ చిలక ఇంకా చెక్కుచెదరలేదు. పోయినప్పుడల్లా అది చేసిందెవరో చెప్తాను. అక్క మనవరాలు కూడబలుక్కుంటూ చుక్కలు చదివి, "ముత్తాత పేరే ఉన్నది గదా అమ్మమ్మా" అంటుంది. అందరితో వాదించి గెలిచిన దాన్ని, ఆ పిల్లతో గెలవలేను. నేను చెప్పినంతసేపు అందరూ తల ఊపుతారు. నేను స్టేషనుకు బయలుదేరాక ఆ ఇంట్లో మాట్లాడేవి ఆ చుక్కలే.