వాషరమ్మ పుస్తకానికి తగిన అర

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇనప సామాన్ల కొట్టులో పనిచేస్తున్న ఆవిడని అందరూ వాషరమ్మ అనే పిలుస్తారు. కుళాయి కారుతోందని ఎవరొచ్చినా, వాళ్ళు సగం చెప్పేలోపే రబ్బరు వాషరు తీసి బల్ల మీద పెడుతుంది. "వంటింటిదా, స్నానాలగదిదా? తిప్పితే గట్టిగా ఉందా, వదులుగా ఉందా?" అని రెండు ప్రశ్నలు, అంతే. సరిపోకపోతే తిరిగి తెచ్చిమ్మంటుంది. తెచ్చినవాళ్ళు తక్కువ.

ఆ కొట్టులో అరలు సర్దే పని కూడా ఆవిడదే. మిగతా కొట్లలో వాషర్లన్నీ ఒకచోట, టేపులన్నీ ఒకచోట, స్పానర్లన్నీ ఒకచోట ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వాషరమ్మ అరలు అలా ఉండవు. "కుళాయి కారుతోంది" అని ఒక అర. అందులో వాషర్లు, మరల మీద చుట్టే తెల్ల టేపు, చిన్న స్పానరు, చేతులు తుడుచుకునే గుడ్డ కూడా. "తలుపు సరిగ్గా పడటం లేదు" అని ఇంకో అర. "గోడకి మేకు దిగడం లేదు" అని మరొకటి. కొట్టు యజమాని, అందరూ పెద్దాయన అంటారు, మొదట్లో తల పట్టుకున్నాడు.

"ఇదేం సర్దుడమ్మా! స్పానర్లు నాలుగు చోట్ల ఉన్నాయి."

"స్పానరు కావాలని ఎవరొస్తారండీ? ఇల్లంతా నీళ్ళవుతోందని వస్తారు. వస్తువేమిటో చూసి కాదు, వచ్చేది ఎవరో చూసి సర్దాలి," అంది వాషరమ్మ.

నెల తిరిగేసరికి పెద్దాయన ఆ మాట తనే కనిపెట్టినట్టు అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. యజమానులకి ఆ మాత్రం హక్కు ఉంటుంది కాబోలు.

ఈ విద్య ఆవిడకి సరదాగా అబ్బింది కాదు. ఇరవై రెండో ఏట ఆ కొట్టులోనే బిల్లులు రాసే ఉద్యోగానికి ఒక్కర్తే వచ్చి, మూడో అంతస్తులో అద్దెగదిలో దిగింది. వాషర్లకి బిల్లు రాయడం వచ్చు గానీ, కుళాయిలో వాషరు ఎక్కడుంటుందో తెలియదు. దిగిన వారానికే సింకు మీది కుళాయి ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్ళు గదంతా పారి, మెట్ల మీదుగా కింది వాటా గుమ్మం దాకా వెళ్ళాయి. రెండు అరచేతులూ అడ్డం పెట్టి, తడిసి ముద్దయి, అరుస్తూ నిలబడింది. ఇంటాయన వచ్చాడు. పంట్లాం అంచులు పైకి లాక్కుని గుమ్మంలోనే ఆగి, "ఏమ్మాయ్, మీకు మగవాళ్ళెవరూ లేరా?" అన్నాడు. తర్వాత తీరిగ్గా లోపలికి వచ్చి సింకు కింద ఉన్న వాల్వు ఒక్క తిప్పు తిప్పాడు. నీళ్ళు ఆగిపోయాయి.

ఒక్క తిప్పు! అది తెలియక తను అంత మాట పడింది. నేల మర్నాటికి ఆరింది. ఆ మాట మాత్రం ఈనాటికీ ఆరలేదు.

అప్పటినుంచి కొట్టుకి వచ్చే పనివాళ్ళని అడిగి అడిగి, వాళ్ళు విసుక్కున్నా వదలకుండా, అన్నీ నేర్చుకుంది. తనలాంటి వాళ్ళెవరైనా వస్తే సామాను కట్టిన పొట్లం మీదే ఎలా బిగించాలో అంచెలంచెలుగా రాసి ఇచ్చేది. ఏ పొట్లం మీదైనా మొదటి వాక్యం ఒకటే: ముందు నీళ్ళు కట్టేయండి. "మీరు రాసిచ్చిన కాగితం మా చెల్లెలికి కూడా పంపానండీ" అని ఒకరిద్దరు చెప్పాక, ఆ రాతలకి నకళ్ళు దాచడం మొదలుపెట్టింది. అలా పోగుపడ్డవే పుస్తకమయ్యాయి. పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకోలేదు. "ముందు నీళ్ళు కట్టేయండి" అని పెట్టేసింది.

అచ్చువేసే వాళ్ళెవరూ ముందుకు రాలేదు. సొంతంగా ఆన్‌లైన్ కొట్టులో పెట్టుకోవచ్చని తమ్ముడు చెప్పాడు. వాషరమ్మ ఉండేది తమ్ముడింట్లోనే. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే ఆవిడ చెప్పే జవాబులు మూడున్నాయి, ఒకదానికొకటి పొంతన ఉండదు, కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. తమ్ముడు బీమా ఆఫీసులో గుమాస్తా. మంచివాడే. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం తనకి తెలియనిది లేదనుకుంటాడు.

పుస్తకం ఎక్కించేటప్పుడు ఆ కొట్టువాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు: మీ పుస్తకం ఏ విభాగాల్లో ఉండాలి? మూడు ఎంచుకోమంటారు. తమ్ముడు రెండు రోజులు వెతికి, రద్దీ లేని చోట్లు మూడు పట్టుకున్నాడు. అందులో ముఖ్యమైనది ఇంజనీరింగు, దాని లోపల ద్రవశాస్త్రం, దాని లోపల వాల్వులు. అక్కడ ఉన్నవి మొత్తం ఐదే పుస్తకాలు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఒకే రోజు పదకొండు ప్రతులు కొనిపించాడు. సాయంత్రానికి పుస్తకం బొమ్మ పక్కన "ఈ విభాగంలో మొదటి స్థానం" అని నారింజరంగు పట్టీ వెలిసింది. తమ్ముడు దాన్ని రంగుల్లో అచ్చుతీయించి, చట్రం కట్టించి, ముందుగదిలో గోడకి తగిలించాడు. మేకు మాత్రం అక్కే కొట్టింది.

ఆ పట్టీ చూసి వాషరమ్మ పొంగిపోలేదని చెబితే అబద్ధమవుతుంది. రోజూ చెప్పులు వేసుకుంటూ ఒకసారి దానివంక చూసుకునే బయల్దేరేది.

రెండు నెలలు గడిచాయి. పదకొండు ప్రతులు పదకొండు దగ్గరే ఆగిపోయాయి. రివ్యూలు నాలుగు వచ్చాయి, నాలుగూ ఐదేసి స్టార్లు. "అద్భుతం! ప్రతి ఇంట్లో ఉండాల్సిన గ్రంథం" అని రాసింది మావయ్య. ఆయన ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు.

వాషరమ్మకి కావలసింది పెద్దదేమీ కాదు. తన మొహం తెలియనివాళ్ళు ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ పుస్తకం చూసి కుళాయి బాగుచేసుకోవాలి. కరెంటు పనుల మీద ఇంకో కాగితాల కట్ట సిద్ధంగా ఉంది. దాన్ని దారంతో కట్టి బీరువా మీద పడేసి, "బయటివాళ్ళు ఒక్కరు చదివిన రోజున దించుతాను. లేదంటే అక్కడే ఉంటుంది," అంది. ఆవిడ మాటంటే మాటే. ఇంట్లోవాళ్ళకి భయం పట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ణి కూర్చోబెట్టి, "ఒరేయ్, నా పుస్తకం ఉన్న అర ఒకసారి చూపించు," అంది.

తమ్ముడు గర్వంగా తెరిచి చూపించాడు. వాషరమ్మ కళ్ళజోడు సవరించుకుని పక్క పుస్తకాలు చూసింది. ఒకదాని అట్ట నిండా లెక్కల సూత్రాలు. ఒకటి ఎనిమిది వందల పేజీలు. ఒకటి కర్మాగారాల్లో ఆవిరి గొట్టాల గురించి. వాటి మధ్య తన పుస్తకం మేకుల డబ్బాలో పడ్డ బొత్తాంలా ఉంది.

"ఇక్కడికి ఎవరొస్తార్రా?"

"ఇంజనీర్లు వస్తారక్కా. గౌరవంగా ఉంటుందని పెట్టాను. పైగా మనమే ఫస్టు!"

వరండాలో బట్టలు మడతపెడుతున్న మరదలు అక్కణ్ణించే అందుకుంది. "ఒక్కరే పరిగెత్తితే ఎవరైనా ఫస్టేనండీ. వదినా, మీ తమ్ముడు స్కూల్లో కూడా ఇలాగే ఏదో కప్పు గెలిచారు, అడగండి."

"నువ్వూరుకో," అన్నాడు తమ్ముడు.

వాషరమ్మ నవ్వలేదు. మనసు చివుక్కుమంది. తమ్ముడి మీద కాదు, తన మీదే. ఎవరి కొట్టో ముప్పై ఏళ్ళు సర్దిన మనిషి, తన సొంత సరుకు ఏ అరలో ఉందో రెండు నెలలు తొంగిచూడలేదు. పట్టీ చూసుకుని మురిసిపోయింది. ఆ రెండు నెలల్లో ఎందరు ఎన్ని సింకుల ముందు నిస్సహాయంగా నిలబడి ఉంటారో అనుకుంటే సిగ్గేసింది.

మర్నాటినుంచి కొట్టులో కొత్త పని మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళకి సామాను ఇస్తూనే, "దీని గురించి పుస్తకం కావాలంటే ఏమని వెతుకుతారు మీరు?" అని అడిగేది. చెప్పిన మాట చెప్పినట్టు పాత క్యాలెండరు వెనక రాసుకునేది. "పుస్తకం సంగతి తర్వాత, ముందు వాషరివ్వండి తల్లీ" అన్నాడొకాయన. అదీ రాసుకుంది. పది రోజులు అడిగినా వాల్వులని గానీ, ద్రవశాస్త్రమని గానీ ఒక్కరి నోటా రాలేదు. "ఇంటి రిపేర్లు" అన్నారు, "చిన్న చిన్న పనులు" అన్నారు.

పదకొండో రోజున ఒకమ్మాయి వచ్చింది. చేతిలో కొత్త తాళంచెవులు, మొహంలో కంగారు.

"నిన్ననే గదిలో దిగానండీ. సుత్తి కొనాలా, స్క్రూడ్రైవరు కొనాలా, అసలేం కొనాలో తెలీదు. ఒంటరిగా ఉండేవాళ్ళకి పుస్తకాలేమైనా ఉన్నాయేమోనని చూశాను. ఉన్నాయి, కానీ అన్నీ వంటల పుస్తకాలే. తినడం తప్ప ఇంకేం పనుండదా మాకు?"

వాషరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ పిల్లకి కావలసినవన్నీ కట్టి, పొట్లం మీద రెండు వైపులా రాసి ఇచ్చింది. అలాంటి పుస్తకం నేనే రాశానని చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఆవిడకి సరుకు గురించి చెప్పడం వచ్చు, తన గొప్ప చెప్పుకోవడం రాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే, "లేవరా, అరలు మారుద్దాం," అంది. మూడూ తనే చెప్పింది. ఇంటి మరమ్మతులు, మొదటిసారి చేసేవాళ్ళకి. ఒంటరిగా ఉండేవాళ్ళ ఇల్లు. అద్దె ఇళ్ళు.

తమ్ముడు జాబితా చూసి లబోదిబోమన్నాడు. "అక్కా, ఆ మొదటిదాంట్లో నాలుగు వేల పైచిలుకు పుస్తకాలున్నాయి! మనం అడుగున పడిపోతాం. ఫస్టు ప్లేసు ఎవరైనా చేజేతులా పారేసుకుంటారా?"

"ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమట. చాల్లేరా ఆ వైభవం. నలుగురు నడిచే చోట అడుగున ఉన్నా ఎవరో ఒకరు వంగి చూస్తారు. మనుషులే రాని చోట నెత్తిమీద ఉండి ఏం చేసుకుంటాను?"

"మరి ఆ పటం?"

"మేకు నాది, పటం నీది. నీ ఇష్టం."

తమ్ముడు మూతి ముడుచుకుని మార్చాడు. రెండు రోజులకి నారింజ పట్టీ మాయమై, దాని చోట మూడు వేల తొమ్మిది వందల అరవై రెండు అని వచ్చింది. పటం తీసి బల్ల సొరుగులో బోర్లించాడు. రోజూ పొద్దున్నే ర్యాంకు చూసి, ఇంట్లో ఎవరికో జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పేవాడు. "నాలుగు వేల డెబ్భై, అక్కా." "నాలుగు వేల నూట పది." వాషరమ్మ పైకి "ఊఁ" అనేది. లోపల మాత్రం బీరువా మీది కట్ట వంక చూడటానికి భయపడేది.

మూడో వారంలో పన్నెండో ప్రతి అమ్ముడుపోయింది. తమ్ముడు చుట్టాలందరినీ అడిగాడు. ఎవరూ కొనలేదన్నారు. ఆ తర్వాత ఇంకో రెండు పోయాయి.

నెల తిరిగాక ఒకరోజు భోజనాల వేళ తమ్ముడే కొట్టుకి వచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. "కంగారుపడకక్కా. బయటి ఆవిడ ఎవరో రివ్యూ రాశారు. మూడు స్టార్లే ఇచ్చారు. తీసేయమని ఫిర్యాదు పెడతాలే."

"ముందు చదువు."

తమ్ముడు ఫోను చూసి చదివాడు. "పుస్తకం ఫరవాలేదు. చెప్పినట్టే ముందు నీళ్ళు కట్టేశాను. తర్వాత నట్టు విప్పమన్నారు. విప్పడానికి అది కదలాలి కదా! పాతది, పట్టేసి ఉంది. కదలకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. పుస్తకం ఒక చేత్తో, స్పానరు ఒక చేత్తో పట్టుకుని అరగంట నిలబడ్డాను. చివరికి వేణ్ణీళ్ళలో గుడ్డ తడిపి నట్టుకి చుట్టి, కాసేపాగి తిప్పితే వచ్చింది. ఈ ముక్క కలపండి. అది లేనందుకే రెండు స్టార్లు తగ్గించాను. ఇంటాయన్ని మాత్రం పిలవలేదు."

"చివరి ముక్క మళ్ళీ చదువు," అంది వాషరమ్మ.

"ఇంటాయన్ని మాత్రం పిలవలేదు."

వాషరమ్మ బల్లమీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తమ్ముడు బెంబేలెత్తిపోయాడు.

"ఏడవకక్కా! తీసేయిస్తానన్నాను కదా."

"తీసేశావంటే చెయ్యి విరగ్గొడతాను. అరగంటరా! నా పుస్తకం పట్టుకుని అరగంట నిలబడిందా మనిషి, ఎవరినీ పిలవకుండా." కొంగుతో మొహం తుడుచుకుంది. "వేణ్ణీళ్ళ గుడ్డ ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదే. చేతికి అలవాటైపోయి రాయడం మర్చిపోయాను. ఆవిడ రెండు తగ్గించడం న్యాయమే."

అక్కడికక్కడే పొట్లం కాగితం చింపి ఆ వాక్యం రాసి, వెంటనే పుస్తకంలో చేర్చమని తమ్ముడి జేబులో పెట్టింది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ముందుగదిలో పాత మేకుకి పటం మళ్ళీ వేలాడుతోంది. లోపల నారింజ పట్టీ లేదు, మూడు స్టార్ల రివ్యూ ఉంది. అది తన ఆలోచనేనని తమ్ముడన్నాడు. మరదలు కాదనలేదు గానీ, వదినవంక చూసి నవ్వింది.

"ఒరేయ్, కుర్చీ ఎక్కి ఆ కట్ట దించు," అంది వాషరమ్మ.

తమ్ముడు దించి దుమ్ము దులిపాడు. పైకాగితం మీద "ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి" అని ఉంది.

"దీన్ని ఏ విభాగంలో పెడదామక్కా?"

"తొందరపడకు," అంది వాషరమ్మ దారం ముడి విప్పుతూ. "రేపు కొట్టులో అడిగి చెబుతాను."