‘బాయిలర్’ క్యాసెట్టు నా చేతిల పడ్డ కథ

నేను ఎనిమిదో తరగతిల బడి మానేసిన. మా లెక్కల సారు ఇంటిదాక సైకిలేసుకొని వచ్చి, మానిపించినందుకు మా నాయినకు దండం పెట్టి పోయిండు. అసుంటి నా చేతికి ఒక రాక్ బ్యాండు పరువంత అప్పజెప్పిన్రంటే, అప్పజెప్పినోళ్ళ తెలివి ఎంతనో మీరే లెక్కేసుకోన్రి. ఆ పరువును ఒక్క పూటల ఎట్ల ఊడ్చిపెట్టిన్నో చెప్తా. కడుపునిండ నవ్వుకోన్రి. ఆ రోజైతే ముందుగాల ఎవ్వరూ నవ్వలే.

బ్యాండు పేరు ‘బాయిలర్’. ఫ్యాక్టరీ క్వార్టర్సుల పెరిగిన పోరగాండ్లు పెట్టుకున్నది. పాడేది, గిటార్ కొట్టేది ప్రసాదన్న. వాళ్ళ నాయిన కోస్తా దిక్కు నుంచి ఉద్యోగానికి వచ్చి ఈడనే ఉండిపోయిండు. ప్రసాదన్న పాడితే కొలిమిల ఇనుము కేకేసినట్టుండేది. మాకు గదే నచ్చింది. మాకు అంటే ఫ్యాన్సుకు. అందరం కలిస్తే ఒక షేరాటో నిండేది, అది గూడ డ్రైవర్‌ను కలుపుకుంటే.

బాయిలర్ ఒక్కసారే పెద్ద కచేరి చేసింది, క్వార్టర్స్ కమ్యూనిటీ హాల్ల. ఆ తర్వాత అందరూ డ్యూటీలల్ల పడ్డరు. ప్రసాదన్న పెండ్లి చేసుకొని, గిటార్‌ను అటకెక్కించి, పాటను గొంతులనే మింగిండు. కచేరికి మిగిలిన గుర్తు ఒక్క వీడియో క్యాసెట్టు. మా ఫ్యాన్సుల పెద్దమనిషి, లేత్ మిషిన్ తిప్పే శేఖరన్న, దాన్ని బీరువల పట్టుచీరెల నడుమ దాస్తుండె.

ఇంతల ప్రసాదన్నకు మస్కట్‌ల నౌకరి దొరికింది. పోయేముందు ఆయన పాట ఆయనకే డీవీడీ చేసి చేతుల పెట్టాలె, మనం తలా ఒకటి ఉంచుకోవాలె అని శేఖరన్న తీర్మానం. నేనప్పుడు పటాన్‌చెరుల పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే షాపుల పనిచేస్తున్న.

"యాదీ, టేపుకు బూజు పట్టింది. ఇంకొక్కసారే తిరుగుతదేమో. జెర పైలం" అనుకుంట శేఖరన్న క్యాసెట్టు నా చేతిల పెట్టిండు.

"అన్నా, నా చేతుల మీద వెయ్యి పెండ్లిళ్ళు అయినయి."

"ఇది పెండ్లి కాదురా."

"తిరిగేది టేపే గదనే."

ఈ ముక్క అన్నోన్ని ఆడనే తన్నాలె. శేఖరన్న మంచోడు, తన్నలే.

మా ఓనర్ మల్లేశం సేటుకు తెల్వకుండ పని కానిద్దామనుకున్న. క్యాసెట్టు పెట్టి మీట నొక్కిన్నో లేదో, వచ్చి ఎనక నిలబడ్డడు.

"ఎవరి పెండ్లిరా?"

"మావోళ్ళదే సేటు."

"గీ పొగేంది?"

"హోమం."

"పెండ్లిపిల్లగాడు గట్ల నోరు తెరిచి ఏడుస్తుండేంది?"

"పొగ కండ్లల్ల పడ్డది సేటు."

"మరి పిల్లేది?"

"లోపల తయారైతుంది."

సేటు దేవుడసుంటోడు. నమ్మిండు.

ఈడ మా పని సంగతి జెర చెప్పాలె. వీసీఆర్ ఎనక నుంచి కంప్యూటర్‌కు మూడు వైర్లు పెట్టాలె. పసుపుదాంట్ల బొమ్మ వస్తది, ఎర్రదాంట్ల, తెల్లదాంట్ల సౌండు వస్తది. పెండ్లి టేపుల సౌండు ఎవలకు కావాలె? ఉండేదంత జనరేటర్ మోత, వంటోని తిట్లు, "పెరుగు ఇటు రానియ్యి" అనుడు. అందుకే మేము పసుపు వైరొక్కటే పెట్టి, సౌండు జాగల సన్నాయి పోస్తం. ఆ రోజు గూడ నా చెయ్యి నన్ను అడగలే. పసుపుది పెట్టి ఊకుంది. సౌండు రాదేంది అని నాకు అనుమానం రాలే. మా షాపుల ఏ టేపుకు వచ్చింది గనక?

ఆఖరు పాట అయినంక వీసీఆర్ల కరకర మోత. తీస్తే టేపు సేమ్యా లెక్క బయటికొచ్చింది. నేనేం పరేషాన్ కాలే. సరుకు కంప్యూటర్ల దిగింది, తొక్క పోతే ఏంది అనుకొని బువ్వ తిన పోయిన. తిని వచ్చేసరికి డీవీడీలు తయారై ఉన్నయి.

"మీవోళ్ళదన్నవ్ గదా, నేనే దగ్గరుండి ముస్తాబు చేసిన" అన్నడు సేటు.

ఆయనకు దండం పెట్టి, ఒక్కటి గూడ ఏసి చూడకుండ ఉరికిన.

సాయంత్రం ఇస్నాపూర్ల శేఖరన్న కిరాయి రూము మిద్దె మీద టీవీ పెట్టినం. ప్రసాదన్న, ఆయన భార్య లక్ష్మి వదిన ముందట కుర్చీలల్ల కూసున్నరు. తెల్లారితే ప్రసాదన్న విమానం. శేఖరన్న గర్భగుడిల దీపం ముట్టిచ్చినంత భక్తిగ రిమోట్ నొక్కిండు.

ముందుగాల వినాయకుడు వచ్చిండు. తర్వాత ‘శుభ వివాహ మహోత్సవం’.

"ఇదేందిరా?" అన్నడు శేఖరన్న.

"టైటిల్సు అన్నా" అన్న. గొంతు ఈడనే ఉంది గని, పాణం అప్పటికే మెట్లు దిగింది.

పొగల నుంచి ప్రసాదన్న వచ్చి నోరు తెరిచిండు. సన్నాయి వచ్చింది. జుట్టు ఎగరేసి తల ఊపుతుంటే పైనుంచి గులాబి రేకులు. అక్షింతలు దులుపుకున్నట్టే ఉండె. డ్రమ్ముల కాడ గట్టిమేళం. పిల్ల కోసం సేటు పాపం టేపంత దేవులాడినట్టుండు, బేస్ గిటార్ కొట్టే రవికి నడుందాక ఉన్న జుట్టు చూసి, ఆయన్ను, ప్రసాదన్నను ఒక్క గుండె బొమ్మల పెట్టి తిప్పిండు.

శేఖరన్న సౌండు బంద్ చేసిండు.

"అసలు క్యాసెట్టు తియ్యి."

"వీసీఆర్ నమిలిందన్నా."

"కంప్యూటర్ల సౌండు?"

"ఎర్ర వైరు పెట్టలేదన్నా." కొంచెం ఆగి, నిజాయితీగ చెప్పిన, "తెల్లది గూడ."

తిట్టినా బాగుండు. శేఖరన్న స్టూలు మీద కూలబడి కండ్లు తుడుచుకున్నడు. ఇన్నేండ్లు పట్టుచీరెల దాసింది నా పసుపు వైరుల పోయింది. టీవీల ప్రసాదన్న నోరు తెరుస్తుండు, మూస్తుండు, గాజుపెట్టెల చేప లెక్క.

"పోనీలే శేఖరూ" అన్నడు కుర్చీల ప్రసాదన్న. "నా పెళ్లికి కూడా ఇన్ని పూలు పడలేదు నా మీద."

అని, టీవీల తన పెదాలు తనే చూస్కుంట సన్నగ అందుకున్నడు. ముందు తుప్పుపట్టిన గేటు తెరిచినట్టొచ్చింది. రెండో చరణానికి కొలిమి రాజుకుంది. మేము నీళ్ళ డ్రమ్ము మీద, స్టీలు ప్లేట్ల మీద దరువేసినం. శేఖరన్న కండ్లు తుడుచుకుంటనే తల ఊపుడు షురూ చేసిండు. బొమ్మ అయిపోయింది, ప్రసాదన్న కాలే. మళ్ళ మొదటి పాట ఎత్తుకున్నడు. పక్క మిద్దెలోళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి చూస్తున్నరు.

ఇదే సందని నేను లక్ష్మి వదిన ముందట చేతులు కట్టుకొని నిలబడ్డ. "వదినా, భూమి, ఆకాశం సాక్షిగ చెప్తున్న. ఇగ ఈ జన్మల మూడు వైర్లు పెట్టంది ఏ టేపూ తిప్ప. పెండ్లిదైనా సరే, పేరంటందైనా సరే. తప్పు నాదే, నన్ను మాఫ్ చెయ్యి."

వదిన ఒకసారి నన్ను చూసింది, ఒకసారి కుర్చీ ఎక్కి పాడుతున్న మొగన్ని చూసింది.

"డీవీడీలో ఉంటే రిమోట్‌తో ఆపేసేదాన్ని తమ్ముడూ. నీ పుణ్యమా అని ఇప్పుడది మనిషిలోకి వచ్చేసింది. ఈయన్ని ఎక్కడ నొక్కితే ఆగుతాడో, అదొక్కటి చెప్పి వెళ్ళు."