రవిక రంగు వంటిల్లు

మా పాత వంటింటికి ఆస్పత్రి రంగు ఎంచింది మా ఆవిడ సరోజేనని మా బంధువులంతా ఇప్పటికీ నమ్ముతున్నారు. పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని, పప్పు వడ్డించేలోపు ఆ మాట ఎత్తి నవ్వుకుంటారు. అయ్యా, అమ్మా, ఆ పాపం ఆమెది కాదు, నాది. ఒక మగవాడు జేబులోంచి చెయ్యి బయటికి తీయడానికి సిగ్గుపడితే ఇల్లు ఎంత అందంగా నాశనమవుతుందో చెబుతాను, వినండి.

అవి వానలు వరసగా మొండికేసిన ఏండ్లు. పావగడ తాలూకాలో వేరుశనగ వేయడమంటే విత్తనాలు భూమికి అప్పగించి, మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం చూడటమే. ఆ ఏడు మాత్రం వాన దారి తప్పిందో ఏమో, మా చేను మీదుగా పోయింది. కాయలు ఇంటికొచ్చాయి. ఆ ధైర్యంతోనే కాబోలు, సరోజ నోరు తెరిచింది.

సరోజ మా మేనమామ కూతురే. మా అమ్మ పుట్టిల్లు, సరోజ పుట్టిల్లు ఒకటే, అరసికెరెలో. పెళ్లయి వచ్చాక అత్తా కోడళ్లిద్దరూ ఒకే వంటింట్లో, కట్టెల పొగలో దగ్గుతూ వండేవారు. ఆ గోడలు ఎంత నల్లగా ఉండేవంటే, నల్లపిల్లి వచ్చి కూర్చుంటే రెండు కళ్లు మాత్రమే కనిపించేవి.

"బావా, నేనొచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఏమన్నా అడిగినానా?" అంది.

నిజంగానే అడగలేదు. నాకు భయం వేసింది.

"వంటింటికి ఆకుపచ్చ రంగు వేపీయి. ఏదో ఒక పచ్చ కాదు. చెనక్కాయ చెట్టు పూతకొచ్చినప్పుడు ఉంటాదే, ఆ పచ్చ. చేన్లో ఎట్లాగూ నాలుగు దినాలకే వాడిపోతాది. గోడ మీదన్నా ఏడాదంతా ఉండనీ."

తుమకూరులో పీయూసీ చదివినవాణ్ణి, నాకు తెలియని పచ్చ ఉంటుందా! "సరేలే, తెస్తా" అన్నాను.

"నీ సరే నాకొద్దు," అంటూ ట్రంకుపెట్టె తెరిచి ఒక రవిక తీసి నా చేతిలో పెట్టింది. "ఇదీ ఆ రంగు. అంగట్లో దీన్ని చూపిచ్చి, దీనికి సరిపోయేది తీసుకురా. పోగొట్టొద్దు. మా అమ్మ పెట్టింది." తమ్ముడి కొడుక్కి పేరు పెడుతున్నారని, రెండు రోజులుండి వస్తానని ఆ మధ్యాహ్నం బస్సుకే అరసికెరె వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి గోడలు పచ్చగా ఉండాలని వెళుతూ వెళుతూ ఇంకోసారి చెప్పింది.

రవికను బాగా మడిచి ప్యాంటు జేబులో పెట్టుకుని పావగడ వెళ్లాను. రంగుల అంగట్లో అడుగు పెట్టానో లేదో, ఎదురుగా బెంచీ మీద నలుగురైదుగురు మగవాళ్ల నడుమ మా ఊరి నాగప్ప మామ. ఈయన గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా, ఆ ఇంటివాళ్ల కంటే ముందు ఈయన నోట వినాలి.

"ఏమిరా, యాడికి?" అన్నాడు.

"వంటింటికి రంగు మామా."

అంగడాయన ఒక అట్ట నా ముందు పెట్టాడు. దాని మీద గోరంత గోరంత చదరాల్లో పచ్చలు. పెసరపచ్చ, చిలకపచ్చ, పాచిపచ్చ, ఇంకా తెలుగులో పేర్లే లేని పచ్చలు. చూస్తూ ఉంటే అన్నీ ఒకటే అనిపించాయి. ఇంకాసేపు చూస్తే ఏ రెండూ ఒకటి కావనిపించింది.

"నమూనా ఏమన్నా తెచ్చినావాప్పా?" అని అడిగాడు అంగడాయన.

జేబులో చెయ్యి పెట్టాను. రవిక హుక్కు వేలికి తగిలింది. నాగప్ప మామ మెడ చాచి నా జేబు వైపే చూస్తున్నాడు. అంతమంది మగవాళ్ల మధ్య నేను పెళ్లాం రవిక తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడటం, నేను ఊరు చేరేలోపే ఆ కథ ఊరు చేరడం, అంతా సినిమాలా కనిపించింది. చెయ్యి లోపలే ఉండిపోయింది.

"లేదు. రంగు నా కండ్లల్లో ఉండాది," అన్నాను.

"కండ్లల్లో ఉంటే అట్ట మీద యాడ కనపడతాదిరా?" అన్నాడు మామ. "ముదురుది తీసుకో. పొగకు తట్టుకుంటాది."

"జేబులో ఏముందప్పా, ఎంతసేపని పిసుకుతా ఉండావు?" అన్నాడు అంగడాయన.

"రుమాలు!" అని అరిచాను. మళ్లీ ఎవరూ ఏమీ అడగకముందే కళ్లు దాదాపు మూసుకుని ఒక చదరం మీద వేలు పెట్టాను. ఆయన ఆ రంగు డిస్టెంపర్ పొడి పొట్లాలు కట్టిచ్చాడు. దానిమీద ఇంగ్లీషులో ఏదో మంచి పేరే ఉంది. పేరులో లోపం లేదు.

ఇంటికొచ్చి వేడినీళ్లలో పొడి కలిపి నేనే బ్రష్షు పట్టాను. అమ్మ గడప మీద కూర్చుని చూసింది.

"ఏందిరా ఇది, ఇట్లుండాది?"

"తడి మీద అట్లే ఉంటాదమ్మా. ఆరితే తేలుతాది."

ఆరింది. తేలింది. పూతకొచ్చిన వేరుశనగ చెట్టు కాదు గదా, వేరుశనగకు పట్టే తెగులు కూడా ఆ రంగులో ఉండదు. అది ప్రభుత్వ ఆస్పత్రి గోడ రంగు. నాలుగు వైపులా అదే. మధ్యలో పొయ్యి.

అమ్మ లోపలికొచ్చి ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, "ఈడ నిలబడితే ఎవరో సూదేస్తారేమో అనిపిస్తాదిరా," అని బయటికి వెళ్లిపోయింది.

అప్పుడు వినబడింది, రోడ్డు మీద అరసికెరె నుంచి సరోజ వచ్చే బస్సు హారను.

అయ్యలారా, చదువుకున్నవాడి బుర్ర భయంలో ఎంత వేగంగా పనిచేస్తుందో మీకు తెలియదు. గోడను రవిక రంగుకు మార్చలేను. రవికను గోడ రంగుకు మార్చవచ్చు కదా! జేబులోంచి తీశాను. బకెట్టులో మిగిలిన డిస్టెంపర్లో చేతులు, హుక్కులు సహా ముంచాను. పిండి, ఎండకు కాలే పెంకుల మీద పరిచాను. మా ఎండ సంగతి తెలిసిందే. సరోజ బస్సు దిగి, దారిలో ఇద్దరితో మాట్లాడి వచ్చేలోపు రవిక అప్పడంలా బిగుసుకుపోయింది. నిలబెడితే నిలబడేలా ఉంది.

సరోజ వంటింటి గడపలో ఆగిపోయింది. నాలుగు గోడలూ వరసగా చూసింది.

"ఇదేనా బావా నేను చెప్పింది?"

"నువ్విచ్చిన రవికే చూపిచ్చి తెచ్చినా. కావాలంటే గోడకు పెట్టి చూసుకో," అన్నాను.

పెట్టింది. గోడ ఏదో రవిక ఏదో తెలియలేదు.

"ఇంత బిరుసుగా ఉండాదేంది?"

"అంగడాయన రంగు మీద పెట్టి పెట్టి చూసినాడు. రవంత అంటుకొనింటాది."

అమ్మ రవిక తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తడితే టకటకమంది. "మా అన్న కూతురికి రంగులు తెలీకపోవడమేంది! ఇది మా అరసికెరె బుద్ధి కాదు. వాళ్లమ్మది నిడుగల్లు గదా, ఆ పక్క నుంచి వచ్చింటాది," అని తేల్చేసింది.

"నా కండ్లే చెడినాయేమో అత్తా," అంది సరోజ చిన్న గొంతుతో.

ఆమె ఆ ఇంట్లో అడిగిన మొదటి కోరిక అది. అది చెడింది, పైగా చెడగొట్టింది తనేనని నమ్ముతోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను వెళ్లి బకెట్టు కడిగాను.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అమ్మ వంటిల్లు చూపించి, "మా సరోజ ఎంచిన రంగు," అనేది. వినబడినప్పుడల్లా నా కడుపులో హుక్కు గుచ్చుకునేది. ఆ బాధకు మందుగా సరోజ ఏదంటే అది తెచ్చిపెట్టాను. పొగలేని పొయ్యి అంది, తెచ్చాను. మిక్సీ అంది, తెచ్చాను. వాళ్ల నాన్నను కూడా అడగలేనన్ని వస్తువులు నేను ఒక్క మాట అనకుండా మోశాను. ఊళ్లో నన్ను మంచి మొగుడన్నారు.

మొన్న కొత్తగా కట్టుకున్న వంటింటికి రంగు వేయాలనుకుంటూ ఉండగా ఇక ఆగలేకపోయాను. సరోజ చాటలో వేరుశనగ గింజలు ఏరుతోంది. అమ్మ పోయి అప్పటికే చాలా కాలమైంది. అంతా చెప్పేశాను. జేబు, నాగప్ప మామ, బకెట్టు, పెంకులు.

సరోజ తల ఎత్తలేదు. "తెలుసు," అంది.

"ఎట్లా?"

"మరునాడే బోరింగు కాడ ఉతికినా కదా. నీ రంగంతా నీళ్లలో పోయి, మా అమ్మ పెట్టిన రవిక బయటికొచ్చె."

ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారని.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడగడానికే వస్తా ఉంటి. అత్తే చెయ్యి పట్టుకుని ఆపింది. నేను ఉతికేది ఆయమ్మా చూసింది గదా. 'ఇప్పుడు తిడితే ఒక పూట పడి ఊరుకుంటాడు. ఊరికే ఉండు మే, వాడు నా కొడుకు, నాకు తెలుసు. ఏండ్ల తరబడి పనికొస్తాడు' అనె."

"అయితే వచ్చినోళ్లందరికీ వంటిల్లు చూపిచ్చి అట్లా అనింది..."

"నాకేమన్నా కావలసినప్పుడే అనేది. నువ్వు వినేటట్టు. నువ్వు ఇంట్లో లేకుంటే అనేది కాదు." గింజలు చెరిగి చాట పక్కన పెట్టింది. "ఈసారి రంగు నేనే పోయి ఎంచుతా. నువ్వు సంచి మోసుకురా."

మోశాను. ఇప్పుడు మా వంటిల్లు పూతకొచ్చిన చేనులా ఉంది.

కాబట్టి బంధువులందరికీ తెలియజేయునది ఏమనగా, సరోజ కళ్లు ఎన్నడూ చెడలేదు. ఇక నా విషయం. ఇంటి దేవుడి మీద ఆన పెట్టి, ఒంటి మీద స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణం ఉండగా పెళ్లాం బట్టను మళ్లీ డిస్టెంపర్లో ముంచను. తప్పనిసరై ముంచాల్సి వస్తే, ఉతికినా పోని ఆయిల్ పెయింటులోనే ముంచుతాను.