సరిత గోల్ఫ్ గ్లౌజుకు సిరిసిల్ల గంజి

మా మేనకోడలు సరిత హైదరాబాద్‌లో జరిగే అంతర్జాతీయ జూనియర్ గోల్ఫ్ పోటీకి వెళ్తుందంటే కోరుట్లలో నవ్వనివాడు లేడు. "గడ్డిల గుంతలు దీసి ఆడెటందుకు పట్నం దాక పోవాల్నా?" అని మా వీధంతా ఒకటే ఎగతాళి. నవ్వితే నవ్వనీ! సరిత తండ్రి, అంటే మా బావ, దుబాయిలో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పని చేసేవాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడు, అక్కడివాళ్లు పక్కన పడేసిన పాత కర్రలు తెచ్చి, కోతలైన పొలంలో బిడ్డకు ఆట నేర్పాడు. అక్కడి మేనేజరే ఉత్తరం రాసి పోటీలో పేరు వేయించాడు. మొదటి రోజు ఆడినవాళ్లలో సగం మందికే రెండో రోజు ఆట. "రెండో రోజు గూడ ఆడుత బాపూ" అని పద్నాలుగేళ్ల సరిత ఫోన్లో మాటిచ్చేసింది. తోడు వెళ్లే భారం నా మీద పడింది.

నక్సలైట్ అన్నల రోజులవి. చీకటి పడ్డాక మా వైపు బస్సులు తిరిగేవి కావు. ముందురోజే హైదరాబాద్ చేరి ఇంకో రాత్రి లాడ్జి ఖర్చు పెట్టడమెందుకని, సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇంట్లో ఆగుదామన్నాను. ఉదయం ఏడింటికి కోరుట్లలో ఎక్కి, ఎనిమిదికి జగిత్యాలలో బస్సు మారాం. వేములవాడ దారిలో పోలీసులు బస్సు ఆపారు. సరిత సంచిలోంచి ఇనుప కర్రలు బయటపడ్డాయి.

"ఏందివి? ఏం జేస్తరు వీటితోని?" అన్నాడు కానిస్టేబుల్.

సరిత గబగబా దిగి, రోడ్డు పక్కన బంతి పెట్టి ఒక్క దెబ్బ కొట్టింది. అది పొలం దాటి ఎటో పోయింది. కానిస్టేబుల్ నోరు తెరిచి చూసి, "ఇంకోటి గొట్టు బిడ్డా" అన్నాడు. కండక్టర్ విజిల్ ఊది ఊది అలిసిపోయాడు గానీ, మూడు బంతులు కొట్టాకే బస్సు కదిలింది.

పన్నెండింటికి సిరిసిల్ల చేరాం. మరమగ్గాల చప్పుడులో ఎవరైనా అరిచే మాట్లాడాలి. చిన్నమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, మా మాసిన బట్టలన్నీ లాక్కుని ఉతికింది. తెల్లవారి బయల్దేరుతుంటే అన్నీ మడతపెట్టి ఇచ్చింది. అన్నిటికంటే పైన సరిత గ్లౌజు! దుబాయి నుంచి వచ్చిన తోలు గ్లౌజు. ఉన్నదే అదొక్కటి. అప్పడంలా బిర్రుగా నిలబడి ఉంది.

"గంజి వెట్టిన బిడ్డా. గంజి వెట్టనిది మా ఇంట్లకెల్లి ఏదీ బయటికి పోదు" అంది చిన్నమ్మ గర్వంగా. నిజమే, గంజి పెట్టని పోగు మగ్గం ఎక్కదు. మరి గ్లౌజు మాత్రం ఎందుకు తప్పించుకుంటుంది? నాకు ఒళ్లు మండింది గానీ, సరిత నన్ను గిల్లి, "మంచిగైంది అమ్మమ్మా" అని నవ్వింది. బస్సు ఎక్కాక కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

పొద్దున అయిదింటి బస్సు తొమ్మిదింటికి హైదరాబాద్‌లో దింపింది. ఆటోలో మైదానానికి అరగంట, ఆట పదకొండుకు. మలేషియా, శ్రీలంక పిల్లలు మెరిసిపోతున్నారు. గ్లౌజులో వేళ్లు వంగలేదు. సరిత దాన్ని తీసి నా చేతిలో పెట్టి, వట్టి చేతులతోనే ఆడింది. చేతులు బొబ్బలెక్కినా పద్దెనిమిది గుంతలూ పూర్తి చేసింది. రెండంటే రెండే దెబ్బల తేడాతో రెండో రోజు ఆట పోయింది.

"బాపుకు ఏం జెప్పాలె మామా?" అనే ఒకే ప్రశ్న, లాడ్జి చేరేదాకా. సాయంత్రం ఆరింటికి అక్కడి ఫోన్‌కు బావ చేస్తానన్నాడు. మోగగానే సరిత ఎత్తి, "రేపు ఆట లేదు బాపూ" అనేసింది. నేనూ రిసీవరుకు చెవి ఆనించాను.

"పోనీ తియ్ బిడ్డా. గడ్డి ఎట్లుండె?"

"మెత్తగుండె. ఆట అయినంక బూట్లిడిసి నడిచిన."

"ఎవ్వలేమనలేదా?"

"అనలే బాపూ."

"ఏడేండ్ల సంది కోస్తున్న" అన్నాడు బావ, "ఒక్కనాడు గూడ గట్ల నడువనియ్యలే నన్ను." ఆ మనిషి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. సరిత మాత్రం ఏ చెట్టు కింద ఎంత గడ్డి ఉందో పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్లు తిరిగినా, నేను పొదుపు చేసి ఇంతగా బాధపడిన ప్రయాణం ఇంకోటి లేదు. పిల్లల్ని ఇలాంటి పోటీలకు తీసుకెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. లాడ్జి ఖర్చు చూసుకోకుండా ముందురోజు మధ్యాహ్నానికే చేరుకోండి. పోటీకి వచ్చిన పిల్లల్ని ఆ సాయంత్రం మైదానమంతా తిరగనిస్తారు. తిరగనివ్వండి, బూట్లు విడిచి.