కాళ్ళ కింద కరిగిన ఇసుక

నా చిన్నప్పుడు, డెబ్బయ్యో దశకం చివర్లో, మేము ఓడరేవు పక్కన మల్కాపురంలో ఉండేవాళ్ళం. రేవు లోతు చేయడానికి తవ్విన ఇసుకను నీళ్ళతో కలిపి, పెద్ద గొట్టాల్లోంచి మా ఇళ్ళ వెనక పల్లంలోకి వదిలేవారు. పైన చదునుగా మెరుస్తూ ఉండేది. అటు వెళ్ళొద్దని నాన్న చెప్పినా, ఒక సాయంత్రం నేనూ పక్కింటి అక్కా వెళ్ళాం.

నడుస్తుంటే ఇసుక మమ్మల్ని బాగానే మోసింది. గంతులేస్తే మాత్రం సరిగా తోడుకోని పెరుగులా వణికింది. ఎందుకలా అవుతోందో చూద్దామని ఇంకా గట్టిగా తొక్కాను. పైకి నీరు ఊరింది. చూస్తుండగానే మోకాళ్ళ దాకా దిగిపోయాను. భయపడి ఆగిపోయాను. అంతవరకూ అంబలిలా ఉన్న ఇసుక, నేను ఆగగానే కాళ్ళ చుట్టూ బిగుసుకుంది. ఎంత లాగినా రాలేదు. అక్క ఏడుస్తూ పరుగెత్తి మా పిన్నిని పిలుచుకొచ్చింది.

పిన్ని, నాగావళి నది సముద్రంలో కలిసే చోట పుట్టి పెరిగిన మనిషి; అలాంటి ఇసుక తనకు కొత్త కాదు. ఎక్కడిదో పాత తలుపు చెక్క తెచ్చి ఇసుక మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని నా చేతులు పట్టుకుంది.

"పీకకే! కాలు అటూ ఇటూ మెల్లగా ఆడించు. సందులోకి నీరు దిగనీ."

ఆడించాను. పట్టు సడలి, ఒక్కో కాలూ పైకొచ్చింది.

ఇంటికెళ్ళాక తిట్లు తప్పవనుకున్నాను. పిన్ని తిట్టలేదు. ఒక డబ్బాలో ఇసుక వదులుగా పోసి, అది పూర్తిగా నానేదాకా నీళ్ళు పోసి, పైన గుండ్రాయి పెట్టింది. రాయి నిలబడింది. డబ్బాను పక్కనుంచి తట్టింది. రాయి మునిగిపోయింది.

"ఇసక నీరైపోనాదేటి పిన్నీ?"

"అవనేదే. గింజలు ఒకదాన్నొకటి ఆనుకునుంటేనే మనల్ని మోత్తాయి. కుదిపితే ఆ ఆనిక పోద్ది. బరువంతా మద్దెనున్న నీటి మీద పడతాది. నీరు మొయ్యగలదేటి?"

తర్వాత రాయి తీసేసి, డబ్బాను చాలాసేపు తట్టి, పైకి తేలిన నీటిని వంచేసింది. మళ్ళీ రాయి పెట్టింది. ఈసారి నేనెంత తట్టినా అది దిగలేదు. ఇసుక మట్టం కాస్త తగ్గింది కూడా. గింజలు సర్దుకుని దగ్గరయ్యాయన్నమాట!

కొన్నాళ్ళకు, పల్లంలో నీరు ఇంకాక, పిన్ని నన్ను మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళింది. నాకు అడుగు పడలేదు. తను ముందు కర్రతో పొడిచి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"జడుపేటి? రా, సూద్దాం."

ఇద్దరం ఆ చివరిదాకా నడిచాం.

భూకంపం నేలను ఆ డబ్బాలా కుదిపితే ఇళ్ళు ఒరిగాయని పేపర్లో చదివినప్పుడు ఇప్పటికీ భయమేస్తుంది. ఆ వెంటనే, వాటి కింద ఏ నేల ఉందో తెలుసుకోవాలనిపిస్తుంది. భయపెట్టినదాని దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసే అలవాటు నాకు పిన్ని చెయ్యి పట్టుకుని ఆ ఇసుక మీద నడిచిన రోజే వచ్చింది.