నా డైలీ బండి సెవెన్ సీటర్

నా పరువు పోయిన చోటు చూపించమంటే ఇప్పుడే తీసుకెళ్లి చూపిస్తాను. వికారాబాద్‌కు ఇవతల, అనంతగిరి మలుపులో, ఇడ్లీ బండికి పది అడుగుల దూరంలో ఉంటుంది. పోయింది ఒక ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు, ఒక పొట్టేలు సాక్షిగా. పరువు పోయినవాళ్లు ఆ సంగతి మామూలుగా దాచుకుంటారు. నాకు ఆ సౌకర్యం లేదు. అక్కడున్నవాళ్లలో సగం మంది ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

మూడేళ్ల కిందటి బీరప్పను ముందుగా మీకు పరిచయం చేయాలి. అంటే నేనే, కానీ అప్పటి నన్ను నేను అని ఒప్పుకోవడానికి నాకింకా మనసొప్పదు. ఊరు యాలాల్. వృత్తి, తాండూరు నుంచి ధారూరు దాకా సెవెన్ సీటర్ నడపడం, గిరాకీ ఉంటే వికారాబాద్ దాకా పోవడం. మా వైపు సెవెన్ సీటర్ అంటే పెద్ద ఆటో. ఏడుగురు కూర్చుంటారని ఆ పేరు. పేరు పెట్టిన మహానుభావుడు మా రూట్లో ఏనాడూ తిరిగినట్టు లేదు, పన్నెండు మంది ఎక్కందే మేం బండి కదిలించం.

అలా పన్నెండేళ్లు బుద్ధిగా బతుకుతుండగా పూడూరు దగ్గర రోడ్డు పక్కన మాకున్న చెలక అమ్ముడుపోయింది. గొర్రెలు కూడా సరిగ్గా మేయని ఆ రాళ్ల నేలను చూసి పట్నం వాళ్లు ఎందుకు మురిసిపోయారో నాకు తెలియదు. మా నాన్న తన వాటాతో గొర్రెలు కొన్నాడు. నా భార్య అనసూయ ఇంటికి పైకప్పు వేయిద్దామంది. నేను హైదరాబాద్ వెళ్లి ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాను. సెకండ్ హ్యాండే, అయినా చప్పుడు మాత్రం కొత్తదాని కంటే ఎక్కువే.

మా నాన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వంగి చూశాడు.

"రెండు సీట్లే ఉన్నయేందిరా? మిగిలినయి ఎప్పుడిస్తరట?"

"ఇయ్యరు నాయినా. గంతే ఉంటయ్."

"గింత పెట్టి కొంటె ఒక గొర్రెపిల్లను గూడ పట్టనియ్యడా వాడు?"

అనసూయ ఏమీ అనలేదు. బిడ్డను చంకలో ఎత్తుకొని, "మనం ముగ్గురం. సీట్లు రెండు. ఎవ్వల్ని ఇడిసిపెడ్తవో ఆలోచన చేస్కో" అని మాత్రం అంది. అదే ఏమీ అనకపోవడం.

ఆ కారును తాండూరు రోడ్డు మీద రోజూ నడపడం మనిషి వల్ల అయ్యే పని కాదు. బండల లారీలు తొక్కిన గుంతల్లో దిగితే మళ్లీ పైకి తేవడానికి ఊరంతా రావాలి. అందుకని అది ఆదివారం మాత్రమే బయటికొచ్చేది. మిగతా ఆరు రోజులూ నా సెవెన్ సీటరే. ఇక్కడితో ఆగి ఉంటే నేను సుఖంగా ఉండేవాడిని. కానీ ఆదివారం పొద్దున్నే అనంతగిరికి టిఫిన్ చేయడానికి వచ్చే స్పోర్ట్స్ కార్ల వాళ్ల గుంపులో చేరాను. ఇడ్లీ తినడానికి డెబ్బై కిలోమీటర్లు వచ్చే మనుషులను నేను అప్పటిదాకా చూడలేదు. బీరప్ప అనే నా పేరు వాళ్ల నోట్లో పట్టదేమోనని బీరేష్ అని చెప్పుకున్నాను. యాలాల్‌ను మాత్రం మార్చలేకపోయాను.

నెల రోజుల్లోనే నాకు వాళ్ల మీద వ్యామోహం పట్టుకుంది. వాళ్లు నన్ను "బీరేష్ గారూ" అంటుంటే చెవుల్లో చల్లగా ఉండేది. పన్నెండేళ్లుగా "ఏయ్ ఆటో!" అన్న పిలుపే విన్న చెవులు కదా. ఆ "గారూ" ఎక్కడ పోతుందోనని వారమంతా భయపడేవాడిని.

ఒక ఆదివారం వాళ్లు డైలీల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. డైలీ అంటే ముందు నేను పాల ప్యాకెట్లేమో అనుకున్నాను. కాదట. స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు దాన్ని రోజూ వాడరు కదా, రోజువారీ పనులకు వాడే ఇంకో బండిని డైలీ అంటారట. గుంపుకు పెద్ద రోహిత్ సార్ నిట్టూర్చాడు.

"నాకు రోజూ ఆఫీసుకి ఆ పెద్ద డీజిల్ బండే గతి. ఏం చేస్తాం, బోరింగ్."

పళ్ల డాక్టరు కీర్తన మేడమ్ ఆయన్ను ఓదార్చింది. "మీది నయం. నాది ఎలక్ట్రిక్. అసలు సౌండే రాదు. కూరగాయలు తెచ్చుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు."

ఇంకొకాయన తనకు రెండు డైలీలున్నాయనీ, వాన పడితే ఒకటి, పడకపోతే ఒకటనీ చెప్పుకుని బాధపడ్డాడు. మా ఊళ్లో ఒక వాడంతా అమ్మినా కొనలేని బండ్లను వాళ్లు కుంటి ఎద్దును తిట్టినట్టు తిడుతుంటే నేను కూడా జాలిగా తలాడించాను. ఇంతలో రోహిత్ సార్ నా వైపు తిరిగాడు.

"బీరేష్ గారూ, మీ డైలీ ఏంటి?"

"సెవెన్ సీటర్ సార్."

ఇది అబద్ధం కాదు, దయచేసి గుర్తుపెట్టుకోండి. జీవితంలో అంత నిక్కచ్చిగా నేను ఎప్పుడూ నిజం చెప్పలేదు.

"ఓ, ఫ్యామిలీ బండి! ఏ కలర్?"

"కింద నలుపు. పైన పసుపు."

"డ్యూయల్ టోన్!" అని కీర్తన మేడమ్ కళ్లు పెద్దవి చేసింది. "సన్‌రూఫ్ ఉందా?"

"పక్కలన్నీ ఓపెనే మేడమ్. మంచి గాలి వస్తుంది."

"డ్రైవరున్నాడా?"

"లేడు మేడమ్. నేనే నడుపుతాను."

"చూశారా, అదీ డ్రైవింగ్ మీద ప్రేమంటే!" అని రోహిత్ సార్ నా భుజం తట్టాడు. ఆ తట్టుడుకు నా ఒళ్లు పులకరించింది. అప్పుడే నోరు తెరిచి అసలు సంగతి చెప్పేస్తే పోయేది. తెరవలేదు. దాంతో ఆయన ఆ ఊపులోనే ప్రకటించేశాడు. "వచ్చే ఆదివారం డైలీ డే. స్పోర్ట్స్ కార్లు ఇంట్లో పెట్టేసి అందరూ డైలీలు తేవాలి. ముఖ్యంగా బీరేష్ గారి డ్యూయల్ టోన్ చూడాలి."

ఇంటికొచ్చి అనసూయకు చెప్పాను. పడీ పడీ నవ్వింది.

"నిజమే చెప్పినవ్ గదా, గదే తీస్కపో."

"గది ఆటో అనసూయా!"

"మనకు అన్నం పెడ్తున్నది గదే. గా ఎర్రదేమన్న పెడ్తున్నదా?"

భార్య మాట సరిగ్గా ఉన్నప్పుడే మనిషికి కోపం ఎక్కువ వస్తుంది. విసురుగా లేచి తాండూరులో మా అక్క ఇంటికి పోయాను. మా బావ నర్సింలుకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. ఆయన ఆ మధ్యే నల్లటి పెద్ద కారు కొన్నాడు, అచ్చంగా ఏడు సీట్లది. రాతి దుమ్ము పడకుండా దానిమీద బట్ట, బట్టమీద తాటిపత్రి కప్పి ఉంచేవాడు. లోపల సీట్లకు షోరూంలో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. అనసూయ తరఫు చుట్టాలొస్తున్నారనీ, వాళ్లను ఆటోలో తిప్పితే మన ఇంటి పరువు పోతుందనీ అల్లి చెప్పాను. బావ జేబులోంచి తాళాలు తీశాడు.

"ఇస్త బామ్మర్ది. గని రెండు మాటలిను. ప్లాస్టిక్ కవర్లు తియ్యొద్దు. ఆఖరి సీట్ల ఎవ్వల్ని కూసుండబెట్టొద్దు. మీ అక్కనే ఇంక గండ్ల కూసోలే."

"నా మీద నమ్మకం లేదా బావా?"

"ఉన్నది. గందుకే రెండే మాటలు చెప్పిన."

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలతో బయల్దేరాను. చలికాలం, అద్దాలు మూసుకుంటే లోపల ఎంత హాయిగా ఉందో. తాండూరు దాటి నాలుగు కిలోమీటర్లు రాజులాగే పోయాను. అప్పుడు రోడ్డు పక్కన ఒక చెయ్యి లేచింది.

ఇక్కడ నా కుడి కాలి గురించి ఒక మాట చెప్పాలి. డ్రైవరుకు మనుషుల ముఖాలు కనిపించవు, చేతులే కనిపిస్తాయి. చెయ్యి లేస్తే బ్రేకు పడాలి. మధ్యలో బుర్రను అడిగే పద్ధతి మా వృత్తిలో లేదు, అడుగుతూ కూర్చుంటే వెనక వచ్చే ఆటోవాడు గిరాకీ ఎత్తుకుపోతాడు. పన్నెండేళ్లుగా అలా తయారైన కాలు అది. కారు మారిందని దానికి ఎవరు చెప్పారు? బండి ఆగింది. తలుపు తీసుకుని సాయవ్వ లోపలికొచ్చి కూర్చుంది. నా రోజువారీ గిరాకీల్లో అందరికంటే పెద్దది, అందరికంటే గట్టి నోరు.

"అవ్వా, ఇయ్యాల గిరాకీ లేదు, దిగు."

"మరెందుకాపినవ్ రా?"

అది నా కాలిని అడగాల్సిన ప్రశ్న.

"వికారాబాద్‌ల బిడ్డ ఇంటికి పోతున్న, పోనియ్యి. గీ సీటేందిర జారుతున్నది?"

సరే, ముసలామె ఒక్కతే కదా, అనంతగిరి దాటి వికారాబాద్‌లో దింపేసి వెనక్కి వద్దాం అనుకున్నాను. కిలోమీటరు పోయామో లేదో ఇంకో నాలుగు చేతులు. ప్రార్థనకు పోతున్న భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కాలు బ్రేకు తొక్కింది, సాయవ్వ తలుపు తెరిచి "రాండ్రి, ఖాళీగనే ఉన్నది" అని పిలిచింది. తర్వాత పరీక్ష రాయబోతున్న ఇద్దరమ్మాయిలు. వాళ్లు ఎక్కుతుంటే నా నోరు కూడా కాలితో కలిసిపోయింది. "జర జరుగుండ్రి, ఇంకొకరు పడ్తరు!" అన్నది ఎవరా అని చూస్తే నేనే.

ధారూరుకు ముందు మా చిన్నాయన ఎల్లయ్య, ఆయనతోపాటు ఒక పొట్టేలు.

"చిన్నాయనా, గిది కారే!"

"తెలుస్తున్నది బిడ్డా, గందుకే ఎన్క జాగ మస్తున్నది" అంటూ ఆయన పొట్టేలును వెనక తలుపులోంచి ఎక్కించాడు. అది ఎక్కగానే ప్లాస్టిక్ కవరును వాసన చూసి, నచ్చినట్టుంది, నమలడం మొదలుపెట్టింది.

ధారూరు దాటాక ఆగిపోయిన ఒక మోటారు సైకిలు, దాని పక్కన ఒక చెయ్యి. మొహమంతా దస్తీ చుట్టుకుని, దానిమీద టోపీ పెట్టుకున్న మనిషి. చలికి మా వైపు అందరూ అలాగే ఉంటారు. నేను ఆపాను. అతను బండిని ముందు నుంచి వెనకదాకా చూసి కదలకుండా నిలబడిపోయాడు.

"ఎక్కు పెద్దమనిషీ, టైమైతున్నది! గా ఆఖరి సీట్ల, పొట్టేలు పక్కకు పో. ఏమనదది."

అతను ఒక్క మాట మాట్లాడకుండా పోయి పొట్టేలు ముందు కూర్చున్నాడు. అలా నాతో కలిపి పది మందిమి, ఒక పొట్టేలు. ఆటోలోకంటే ముగ్గురు తక్కువే అని కాస్త వెలితిగా కూడా అనిపించింది, చూడండి నా బుద్ధి.

అనంతగిరి మలుపు దగ్గరపడింది. దూరం నుంచే గుంపు కనిపించింది. ఆరు పెద్ద బండ్లు, ఒక్కోదానిలో ఏడేసి సీట్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో మనిషి. తల వంచుకుని వేగంగా దాటేద్దామని గేరు మార్చాను. వికారాబాద్‌లో అందర్నీ దించి, బండి తుడిచి తిరిగొస్తే నా "గారూ" నాకే ఉంటుంది. దేవుడా, ఈ ఒక్క నిమిషం దాటించు అనుకున్నాను. సరిగ్గా అప్పుడు, అద్దంలోంచి నన్ను గుర్తుపట్టి, ఎటు తిరగాలో చూపిద్దామని రోహిత్ సార్ రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఎత్తాడు.

కాలు బ్రేకు తొక్కింది. చెయ్యి అద్దం దించింది. నోరు ఆయన్ను అడిగింది.

"ఏడిదాక సార్? స్టేషనా, బస్టాండా?"

ఆయన జవాబు చెప్పేలోపే సాయవ్వకు ఇడ్లీ బండి కనిపించింది. "టిఫిన్‌కాపినవా? మంచి పని చేసినవ్" అంటూ దిగింది. ఆమె వెనక అందరూ దిగారు. ఆఖరున నోట్లో ప్లాస్టిక్ కవరు ముక్కతో పొట్టేలు దిగింది. గుంపులోవాళ్లంతా నోళ్లు తెరుచుకుని లెక్కపెడుతున్నారు.

రోహిత్ సార్ గొంతు సవరించుకున్నాడు. "బీరేష్ గారూ… ఇదేనా మీ డైలీ?"

నేను నోరు తెరిచేలోపే సాయవ్వ అందుకుంది. "బీరేషెవ్వడు? ఈడు మా బీరిగాడు. గీ బండి ఎవ్వనిదో ఏమో. ఈనిది ఆటో సారూ, నల్లగుంటది, పైన పస్పు. సెవెన్ సీటర్."

కీర్తన మేడమ్ "డ్యూయల్ టోన్" అని గొణిగి, ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. నా "గారూ" అనంతగిరి లోయలో పడిపోయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఏం చేయాలో తోచనప్పుడు మనిషి తనకు తెలిసిన పనే చేస్తాడు. దిగినవాళ్లు అటూ ఇటూ పోతున్నారని చూసి నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. ఎదురుగా ఉన్న దస్తీ మనిషిని అడిగాను.

"పెద్దమనిషీ, కిరాయిచ్చి పో."

అతను జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత టోపీ తీశాడు. ఆ తర్వాత నెమ్మదిగా దస్తీ విప్పాడు.

మా బావ నర్సింలు.

"కారు నాది. డీజిల్ నాది. పంక్చరైన మోటర్ సైకిల్ నాది. కిరాయి గూడ నేనే ఇయ్యాల్నా బామ్మర్ది?"

"బావా… నువ్వని తెల్వక…"

"అనసూయ చుట్టాలని చెప్తివి. గీ పొట్టేలు అనసూయకు ఏమైతది?"

ఆయన తాళాలు లాక్కుని, అందరినీ ఎక్కించుకుని వికారాబాద్ వైపు పోయాడు. పోతూ పోతూ సాయవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. పొట్టేలుకూ చోటు దొరికింది, నాకే దొరకలేదు. గుంపు కూడా నెమ్మదిగా కదిలింది. నలభై రెండు సీట్లు, ఆరుగురు మనుషులు నా ముందు నుంచే వెళ్లిపోయారు. రోడ్డు పక్కన నిలబడి నేనూ చెయ్యి ఎత్తాను. వాళ్ల కాళ్లకు పాపం ఆ అలవాటు లేదు. చివరికి వికారాబాద్ నుంచి వస్తున్న ఒక సెవెన్ సీటర్ ఆగింది. "ఎక్కన్నా, జర సర్దుకో" అంటూ పదమూడోవాడిగా ఎక్కించుకున్నాడు. దిగేటప్పుడు బావ ఇచ్చిన ఇరవై అతనికే ఇచ్చాను.

ఎర్ర కారును ఆ నెలలోనే అమ్మేశాను. ఇంటికి పైకప్పు పడింది. సీట్ల కవర్లకు మాత్రం బావ ఇంకా నన్ను క్షమించలేదు. ఇక మీ అందరి ముందూ కుడి కాలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ప్రాణం పోయినా సరే, దస్తీ విప్పించి మొహం చూడందే ఏ మనిషినీ కిరాయి అడగను. చెయ్యి ఎత్తితే బండి ఆపనని మాత్రం ప్రమాణం చేయలేను. అది నా చేతిలో లేదు.