ఇంట్లో అరవం మాట్లాడిన మేస్త్రీ

2022లో నేను తమిళనాడులోని ధర్మపురిలో ఒక చిన్న మానసిక వైద్యశాలలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మందులు రాయడం డాక్టరుగారి పని, మాట్లాడటం నాది. మా ఇంట్లోనూ తెలుగే కాబట్టి తెలుగు కుటుంబాలు వస్తే నా గదికే పంపేవారు.

అలా వచ్చినవాళ్లే దగ్గర్లోని ఇండూరు అనే ఊళ్లో ఇళ్లు కట్టించే మేస్త్రీ మునిరాజు, ఆయన భార్య పద్మ. ఆయనకు బైపోలార్ డిజార్డర్. కొన్నాళ్లు నిద్రా అలుపూ లేని మితిమీరిన హుషారు, దాన్ని మేనియా అంటాం. కొన్నాళ్లు మంచం దిగనివ్వని దిగులు. మందులతో కుదుటపడ్డాక థెరపీలో ‘ఎర్లీ వార్నింగ్ సైన్స్’ వెతుకుతాం, అంటే జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు. పద్మ తడుముకోకుండా చెప్పింది. మేనియా వచ్చినప్పుడల్లా ఆయన ఇంట్లో తెలుగు మానేసి అరవం మాట్లాడతాడట. ఇలాంటి గుర్తు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నాకు భలే సంబరమేసింది.

కొన్ని నెలలకు ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని పరుగున వచ్చింది. ఇంట్లో మళ్లీ అరవం మొదలైందని, ఆసుపత్రిలో చేర్చాలేమోనని ఒకటే గాభరా. నాకేమో ఏదీ పొంతన కుదరలేదు. నిద్ర బాగానే ఉంది, మాత్రలు తప్పలేదు, మాటలో తొందర లేదు. డాక్టరుగారు కూడా చూసి, మందు మార్చాల్సినంత ఏమీ కనిపించలేదన్నారు. మరి ఈ అరవం ఏమిటి? జబ్బు మొదలవుతుంటే నేనే పసిగట్టలేకపోతున్నానా? చివరికి ఆయన్నే అడిగాను.

ఆయన తెలుగులోనే అన్నాడు. “ఇంట్లో తెలుగంటే నిద్ర పోయినావా, మాత్ర ఏసుకున్నావా, ఇంతే మేడం. సైట్లో అరవంలో నన్నెవురూ అట్ల అడగరు. ఆడ నేను మేస్త్రీని.”

పద్మ ఆయన వైపు తిరిగింది. భయంతోనే కదా అడిగేది అని గొణిగింది.

“నేను నగినా ఈమెకు భయమే. నగేది నేనా, రోగమా? మీరన్నా చెప్పండి మేడం.”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ మాట పైకి అనడానికి సిగ్గేసింది కూడా. మాత్రల సంగతి పూటకొకసారి కాకుండా రాత్రి భోజనం ముందు ఒక్కసారే అడగాలని ముగ్గురం ఒప్పుకున్నాం. అరవం ఒక్కటే అయితే కంగారు వద్దు, నిద్ర కూడా తగ్గితే వెంటనే రావాలి.

వెళ్తూ గుమ్మం దగ్గర పద్మ ఆయన్ని అడిగింది. “నిన్న సైట్లో ఏమి పని చేసినావు?”

ఆయన తెలుగులో చెప్పడం మొదలుపెట్టి, మెట్లు దిగుతూ కూడా చెబుతూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది, ఇంత మాట్లాడటం మామూలేనా అన్నట్టు. నాకూ తెలియలేదు. విను అన్నట్టు తల ఊపాను. అప్పటినుంచి ఏ ఇంటివాళ్లకు ఈ గుర్తులు నేర్పినా, జబ్బు ఊసెత్తని మాటలకు కూడా రోజూ కొంత వేళ ఉంచుకోమని చెబుతున్నాను.